దుంప పోయి ముఖం మిగిలింది

హాలోవీన్‌కి మా అమ్మాయి చెక్కిన గుమ్మడికాయ నాలుగో రోజుకే బూజు పట్టి, బోసినోటి ముసలమ్మలా లోపలికి ముడుచుకుపోయింది. బ్లీచ్ కలిపిన నీళ్ళలో ముంచాం, కోసిన అంచులకి వాసెలిన్ పూశాం. ఓ రెండ్రోజులు ఆగిందేమో, అంతే. మా ఊళ్ళో దిష్టికి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ మాత్రం నెలల తరబడి వేలాడేది. దాని మీద రాక్షసి ముఖం రంగుతో వేసేవారు కానీ కత్తి పెట్టేవారు కాదు. తొక్క తెగకపోబట్టే ఆగేది.

ఐర్లండ్‌లో పూర్వం చెక్కింది గుమ్మడికాయని కాదు, టర్నిప్ దుంపని. అమెరికాకి వలస వచ్చాక వాళ్ళకి గుమ్మడి దొరికింది. పెద్దది, తొలవడం తేలిక. పాత దుంపల్ని ఎవరూ దాచలేదు. దాచుకునే వస్తువా అది?

1943లో డొనెగాల్ కౌంటీలోని ఫిన్‌టౌన్ నుంచి ఒక పంతులమ్మగారు అలాంటి దుంప లాంతరుని ఐర్లండ్ జాతీయ మ్యూజియంకి ఇచ్చారు. అక్కడ వాటిని చెయ్యడం మానేసి అప్పటికే దాదాపు 40 ఏళ్ళట. దుంప విచ్చిపోయేలా ఉందని మ్యూజియం వాళ్ళు ప్లాస్టర్‌తో దాని నకలు పోతపోశారు. మేయో కౌంటీలోని మ్యూజియం శాఖలో ఉన్నది ఆ నకలే. ఫొటోలో చూశాను, అచ్చం పుర్రెలా ఉంది. మా అమ్మాయికి చూపిస్తే, “మరి అసలుదేదీ?” అంది.