రెబ్బెన మట్టిలో తొండ పళ్లు

నల్లగొండలో పొద్దెక్కేసరికి గుండ్ల మీద తొండలు ఎండ కాచుకుంటుంటాయి. జతకట్టే రోజుల్లో మగదాని తల, గొంతు ఎర్రబారతాయి. ముందుకాళ్ల మీద లేచి అది తల ఊపుతుంటే రాయి అందుకోని పిల్లవాడు మా వైపు లేడు. నాకు మాత్రం దాని నోరు తెరిచి పళ్లు చూడాలనిపిస్తుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు ఆ పళ్లలోనే ఉన్నాయి.

గోడ మీది బల్లికి పళ్లు దవడ లోపలి అంచుకు ఆనుకుని ఉంటాయి, ఊడితే కొత్తవి వస్తాయి. తొండకు నోటి పక్కల పళ్లు దవడ ఎముక మీదే అతుక్కుని దానితో ఒకటైపోతాయి. అరిగితే ఇక అంతే. ఊసరవెల్లికీ ఇదే తీరు. తొండ ముదిరితే ఊసరవెల్లి అన్నారు పెద్దలు. ముదరడం సంగతి ఎలా ఉన్నా చుట్టరికం మాత్రం నిజం, రెండూ ఒకే తల్లివేరు నుంచి చీలిన కొమ్మలు.

ఆ వేరును మన గుండ్లలో వెతికితే దొరకదు. 250 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి గడ్డకట్టి అయిన గుండ్లివి. అప్పటికి కాళ్లున్న ప్రాణే లేదు. అందుకని ఉత్తరాన గోదావరి లోయకు, పాత ఆదిలాబాద్ జిల్లాలోని రెబ్బెనకు పోవాలి. అక్కడి పైకాసిగూడెం దగ్గర జురాసిక్ కాలపు మట్టిని నీళ్లలో కడిగి, సన్నజల్లెడ పట్టి, మిగిలిన నూకను సూక్ష్మదర్శిని కింద ఏరారు. చిట్టి దవడ ముక్కలు దొరికాయి, పళ్లు ఎముక అంచుకే అతుక్కుని ఉన్నాయి. శాస్త్రవేత్తలు సూసన్ ఇవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ 2002లో ఆ దవడల ప్రాణికి భారతగామ రెబ్బనెన్సిస్ అని పేరు పెట్టి తొండల వైపు చేర్చారు. ఆ చేర్పు మీద పండితుల్లో వాదం ఉంది. నిలిస్తే మాత్రం, తొండల వంశంలో మనకు తెలిసిన తొలితరాల్లో ఒకటి తెలంగాణ మట్టిదే అవుతుంది. జురాసిక్ కాలం ముగిసే 14.5 కోట్ల ఏళ్లయింది మరి!

ఈ రాతిపొరల్లోనే యామన్‌పల్లి దగ్గర కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబెట్టారు, పొడవు తొమ్మిది మీటర్ల దాకా ఉంటుంది. పిల్లలు దాన్ని రాక్షసబల్లి అంటారు. 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టిన డైనోసార్ అన్న గ్రీకు పేరుకు అర్థం అదే మరి. కానీ అది బల్లి కాదు. దానికి దగ్గరి చుట్టాలు మొసలి, పిట్ట. దాని కాళ్లు ఒంటి కింద స్తంభాల్లా నిలిచేవి. అసలు బల్లిజాతి కాళ్లు పక్కలకు చాచుకుని ఉంటాయి. ఉరికినప్పుడు ఒళ్లు అటూ ఇటూ వంగుతుంది. ఆ వంపుకూ ఊపిరికీ పక్కటెముకల కండరాలే దిక్కు. అందుకే తొండ నాలుగడుగులు ఉరికి ఆగుతుంది.

ఉడుముల జాతి దీనికి ఉపాయం కనిపెట్టింది. గొంతును తిత్తిలా ఊది, గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతూ ఉరుకుతుంది. అమ్రాబాద్ అడవుల్లో తిరిగే మన ఉడుము తోకతో కలిపి మీటరున్నర దాటుతుంది. దాని చుట్టం కొమొడో డ్రాగన్ మూడు మీటర్లు. ఆస్ట్రేలియాలో అంతరించిన మెగలానియా అంతకంటే పెద్దది. బల్లిజాతిలోనే సముద్రంలోకి దిగిన మోససార్లయితే, ఒంటి బరువు నీరు మోసింది గనుక, పది మీటర్లు దాటి పెరిగాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట అవీ పోయాయి. సైజులో రెండో కొసన మడగాస్కర్ చిట్టి ఊసరవెల్లి ఉంది. 2021లో లోకానికి తెలిసిన ఆ జాతిలో మగదాని ఒళ్లు, తోక వదిలేస్తే, 13.5 మిల్లీమీటర్లే.

గుండు పగులులో దూరిన ఉడుమును లాగబోయినవాళ్లకు ఉడుంపట్టు అంటే ఏమిటో తెలుసు. గోళ్లు రాతికి దిగేసి, గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించి బిగుసుకుంటుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి పులితో సమానమైన రక్షణ ఉంది. అయినా మాంసానికి, నూనెకు ఇంకా చంపుతూనే ఉన్నారు. ఇక గుట్టలు క్వారీలకు పోతున్నచోట తొండ ఎండ కాచుకునే బండ, ఉడుము దూరే పగులు రెండూ ఒకే లారీలో పోతున్నాయి.