విశాఖ తీరంలో యుద్ధకాలపు గుర్తులు

విశాఖ యాత్రకు వెళ్ళిన మన పెన్షనరు మిత్రులు బీచి రోడ్డులో కురుసురా జలాంతర్గామిని తప్పక చూసివస్తారు. అంతకన్నా పాత యుద్ధ చిహ్నాలు ఆ తీరంలోనే ఉన్న సంగతి చాలామందికి తెలియదు.

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1941లో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో ఈ రేవు శత్రువు కంట పడింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేశాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని జనం పల్లెలకు తరలిపోయారు.

శత్రుసేన సముద్రం మీదుగా దిగితే ఎదుర్కొనేందుకు ఆ యుద్ధకాలంలో తీరాన ఫిరంగులు నిలిపారు, పిల్‌బాక్సులు కట్టారు. కోస్టల్ బ్యాటరీ అన్న పేరు అలా వచ్చిందే. పిల్‌బాక్సు అంటే మందపాటి కాంక్రీటు గది. తుపాకి గొట్టం పట్టేంత సన్నని కంతలు దానికి కళ్ళు. గనిలో పైకప్పు కింద పనిచేసిన మనకు ఆ ఇరుకు, ఆ ఉక్క వేరే చెప్పనక్కరలేదు. జపాను సేన దిగనే లేదు. నాడు పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.

నాటి దాడిని చూసిన పిల్లలు నేడు ఎనభై దాటినవారు. మీ బంధువుల్లో అటువంటివారుంటే వారి మాటలు ఇప్పుడే రాసి ఉంచండి. ఆ కబుర్లు విన్న మనవలకు పిల్‌బాక్సు వట్టి కాంక్రీటు దిమ్మెగా కనిపించదు.