‘హాయి హాయిగా’ నుండి ‘కుహూ కుహూ’కు: ఒక ప్రణయగీతపు భాషాంతరం

అంజలీ పిక్చర్స్ ‘సువర్ణసుందరి’ (1957) కోసం సముద్రాల రాఘవాచార్య రచించిన ‘హాయి హాయిగా ఆమని సాగే’ను ఘంటసాల, జిక్కి పాడారు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలోనే హిందీలో పునర్నిర్మితమైన చిత్రానికి భరత్ వ్యాస్ రచన ‘కుహూ కుహూ బోలే కోయలియా’. గాయకులు లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ. రెండింటికీ స్వరకర్త ఆదినారాయణరావే. ఈ పాటను హిందీగీతంగానే ఎరిగినవారికి దాని తెలుగు పుట్టుక తెలియకపోవడం సహజమే గాని, అనువాద పరిశోధకులు దానిని విస్మరించరాదు.

భరత్ వ్యాస్ అర్థాన్ని అనువదించలేదు, ఎత్తుగడను అనువదించాడు. బాణీ కోరినది ఒక జంటపదం. సముద్రాల అక్కడ ఆమ్రేడితాన్ని ఉంచాడు; అది అనుభూతిని చెబుతుంది. వ్యాస్ ధ్వన్యనుకరణాన్ని ఉంచాడు. అది కోకిల కూతను వినిపిస్తుంది. తెలుగు పల్లవి తొలిపాదంలో వాచ్యమైన వసంతం హిందీ పల్లవి తొలిపాదంలో వ్యంగ్యమైంది. అయినా లోటు లేదు: సోహ్నిలో మొదలయ్యే ఆ హిందీ రాగమాలికలో తర్వాతి రాగం బహార్, ఆ పేరుకు అర్థమే వసంతం. మాట విడిచినదాన్ని రాగం పలికిందన్నమాట. తెలుగు, హిందుస్తానీ రెండూ చెవినపడే సికింద్రాబాదు వంటి ఊరి శ్రోతకు ఈ పోలిక సులువుగానే అందుతుంది.

ఇక స్వరకల్పన. అక్కడ కవికి పనిలేదు. రెండు పాటల్లోనూ అవే స్వరాక్షరాలు. మారినది గాత్రమే.