కళాపూర్ణోదయం: ఒక కథ, నూరేళ్ల తగవు



పింగళి సూరన పదహారవ శతాబ్దంలో రచించిన కళాపూర్ణోదయాన్ని మనం ప్రబంధమని పిలుస్తున్నాం. కాని దాని కథను మాత్రం విన్నవారికి అది ఒక అద్భుత నవలగా తోచక మానదు. ఆకాశంలో సాగిపోయే విమానం, ఒకరి రూపం మరొకరు ధరించడం, పసిపాప నోట పూర్వజన్మ వృత్తాంతం, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో అక్షరాలా జరగడం – ఇవన్నీ ఎనిమిది ఆశ్వాసాలలో ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. ఈ కథ ఏ పురాణం నుండీ స్వీకరించినది కాదు. సూరన స్వయంగా కల్పించినది.

అయినప్పటికీ, చిరకాలం పాటు మన పండితులు ప్రబంధాన్ని పరిశీలించే తీరు వేరుగా ఉండేది. వర్ణనలో చమత్కారమెంత, శ్లేష ఎంత బిగువుగా కుదిరింది, అలంకారాలు ఎన్ని పోకడలు పోయాయి అని చూసేవారు. కథలోని మనుషులు ఎటువంటివారు, వారు చేసినది తగునా అన్న ప్రశ్నలు అంతగా వినబడేవి కావు.

ఆ ప్రశ్నలను గట్టిగా వినిపించినవారు కట్టమంచి రామలింగారెడ్డి. 1914లో వెలువడిన ఆయన 'కవిత్వతత్త్వ విచారము' సూరన కావ్యాన్ని ఆధారంగా చేసుకొని, కవిత్వానికి ప్రాణం భావనాశక్తి అని వాదించింది. కథాసంవిధానం, పాత్రపోషణ లేకుండా వర్ణనలను పేర్చడం కవిత్వం కాదని చాలా ప్రబంధాలను నిలదీసింది. ఆ కొలతకు నిలిచినదిగా కళాపూర్ణోదయాన్ని ప్రశంసించింది. సంప్రదాయ పండితులు ఆగ్రహించారు. మన అలంకారశాస్త్రాన్ని పక్కనపెట్టి పాశ్చాత్యుల తూనికరాళ్లతో మన కావ్యాలను తూస్తున్నారని ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా ఆ తగవుతోనే తెలుగులో ఆధునిక విమర్శకు బాట పడింది.

ఇక్కడ మనబోటివారు గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. రెడ్డిగారు 1880లో చిత్తూరు దగ్గరి కట్టమంచిలో జన్మించారు. అప్పటికి చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాలో భాగం. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. ఆయన చదివినది మద్రాసులోను, కేంబ్రిడ్జిలోను. ఈ గ్రంథం వెలువడిన నాటికి మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకులు. అంటే, తమిళం, కన్నడం, తెలుగు కలిసి వినిపించే సీమలలో మెలగిన ఒక ఉపాధ్యాయుడే ఈ తగవుకు తెర తీశాడన్నమాట.

ఇంతకూ తగవు పెట్టుకోదగినది ఆ కథలో ఏముంది?

నారదుణ్ణి చూడండి. తుంబురుడి గానంపై అసూయతో రగిలిపోయి, అతణ్ణి మించాలని ద్వారకకు వచ్చి శ్రీకృష్ణుని భార్యల వద్ద సంగీతం నేర్చుకొంటాడు. దేవర్షి అయినవాడు అసూయపడవచ్చునా? ఆ అసూయ లేకపోతే అంతటి సాధన ఉండేదా? కలభాషిణిని చూడండి. నలకూబరుణ్ణి కోరి రంభ రూపం ధరించింది. మణికంధరుడు రంభను కోరి నలకూబరుని రూపం ధరించాడు. ఒకరి మాయలో ఒకరు పడ్డారు. ఎవరు ఎవరిని మోసగించినట్లు? ఇద్దరూ మోసపోయినవారే అయినప్పుడు తప్పు ఎవరిది? సుగాత్రీ శాలీనుల కథ మరొకటి. నగలతో ముస్తాబై వచ్చిన భార్యను కన్నెత్తి చూడని శాలీనుడు, తోటలో తనతోపాటు పనిచేస్తూ చెమటోడ్చిన ఆమెను చూసి మనసు పారేసుకొంటాడు. అందం ఎక్కడ ఉందో సూరన ఒక్క ఘట్టంలో చెప్పకనే చెప్పాడు.

2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ కావ్యాన్ని 'ముద్దు చప్పుడు' అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలోకి అనువదించి, దీనిని నవలగా చదవవచ్చునని ప్రతిపాదించారు. దానితో పాత తగవు కొత్త రూపంలో మొదలైంది. ప్రబంధమా, నవలా? ఏ పేరు పెట్టినా అడగవలసిన ప్రశ్నలు మాత్రం అవే.

ఇక మన తరగతి గది మాట. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలకు తెలుగుతో గడిపే సమయం తగ్గింది. ఇంట తెలుగు మాట్లాడే బిడ్డ కూడా సూరన పద్యాన్ని అన్వయించుకోలేని స్థితిలో ఉన్నాడు. ముందుగా ఛందస్సు, తరువాత సమాసాలు, ఆ తరువాత కథ అని మనం వరుస పెట్టుకొన్నాం. ఆ వరుసలో కథ దాకా వచ్చే పిల్లలు ఎందరు?

ఒక ఏడాది నేను ఆ వరుసను తిరగవేశాను. పద్యం జోలికి పోకుండా ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలిచి "నేనే రంభను" అని వాదించుకొనే ఘట్టాన్ని కథగా చెప్పాను. తరగతి రెండు జట్లయింది. ఎప్పుడూ నోరు మెదపని ఒక బాలిక లేచి, "దొంగ రంభకు తాను దొంగనని తెలుసు కదా సార్, నిజం రంభకంటే ఆమెకే ఎక్కువ భయం ఉండి ఉంటుంది" అన్నది. మరునాడు ఆ పిల్లే వచ్చి, "ఆ చోట పద్యం ఎట్లా ఉంటుంది సార్?" అని అడిగింది. నా ఉద్యోగ జీవితంలో పద్యం చదవమని నేను చెప్పకముందే ఒక విద్యార్థి అడగడం అదే మొదటిసారి.

పద్యం వద్దని నా అభిప్రాయం కాదు. పద్యం దాకా వెళ్లే దారి ప్రశ్నలో ఉందని మాత్రమే నా విన్నపం. నూరేళ్ల క్రితం మైసూరులో ఒక అధ్యాపకుడు పండితులతో తగవుపడి ఆ దారి తీశాడు. ఆ తగవును మన పిల్లల చేతికి ఇద్దాం. సూరన వారికి పరాయివాడు కాకుండా ఉంటాడు.