దారం లేని పతంగి

ముప్పయ్యేళ్ళకు పైగా ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడికి డ్రోనుల ముచ్చట ఎందుకన్న సందేహం మీకు కలగడం సహజం. దీనికి కారకుడు మా మనుమడు.

గత సంక్రాంతి సెలవులలో జనగామ శివారున, కోత ముగిసి బీడుగా ఉన్న పొలంలో, వాడొక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. కళ్ళకు గుర్రపు గంతలవంటి నల్లని పెట్టె. ఒళ్ళో రిమోటు. ఒంట్లో రెండు బొటనవేళ్ళు తప్ప మరేదీ కదలడం లేదు. ఎదుట వెదురు గడలతో కట్టిన ద్వారాల మధ్యనుండి అరచేయంత యంత్రమొకటి కందిరీగలా దూసుకుపోతున్నది. పక్కన వాడి నేస్తగాడు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు కట్టుకొని నడిపేవాడికి కళ్ళున్నవాడొకడు తోడుండాలట.

"ఇక్కడ కూసొని ఏం జేస్తున్నవ్‌రా?" అన్నాను.

"నేనీడ లేను తాతా, ఆడున్న" అన్నాడు, తల తిప్పకుండానే.

ఆ మాట నన్ను వదలలేదు. చేతికి అందని దానిని, అతి వేగంగా పోయే దానిని, నేలమీద నిలబడి చెప్పుచేతల్లో పెట్టుకోవాలన్న కోరికకు ఒక చరిత్ర ఉన్నది. అందులో కొంత మా ప్రాంతంలోనే చూశాను.

నేను పుట్టింది మానుకోటలో. మహబూబాబాదును మా తరం ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. ఉద్యోగం ఎక్కువకాలం భూపాలపల్లి వైపు, ఇల్లు జనగామలో. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడూ ఒకే వరంగల్లు జిల్లా. చిన్ననాడు మానుకోట మిద్దెలమీద మేము నేర్చిన విద్య పతంగి. డీల్ ఇవ్వడం, ఖీంచడం, ఈ రెంటితోనే సమస్తమూ జరిగేది. అయితే పతంగి ఎగరేసేవాడికి అసలు గురువు చూపుడువేలు. మాంజా వేలిమీద ఎంత బిగువుగా లాగుతున్నదో దానినిబట్టి పైన గాలి ఎట్లా ఉన్నదో, పతంగి తల ఎటు తిప్పబోతున్నదో కన్ను చూడకముందే తెలిసేది. దారం కేవలం పగ్గం కాదు, వార్తాహరుడు కూడా.

ఆ దారాన్నే మళ్ళీ మామునూరులో చూశాను. వరంగల్లు దగ్గరి ఈ విమానాశ్రయం 1930లో నిజాం కాలంలో ఏర్పడి, 1981లో మూతపడింది. తిరిగి తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతించింది. మధ్యకాలంలో ఆ మైదానం ఎన్.సి.సి. వైమానిక విభాగపు పిల్లలకు గ్లైడర్లు, నమూనా విమానాలు నేర్చుకొనే చోటుగా ఉపయోగపడింది. ఒకమారు మా విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళాను. బాల్సా కర్రతో చేసిన చిన్న విమానం. ముక్కున చెవులు చిల్లులుపడేలా అరిచే ఇంజను. ఒక రెక్క కొసనుండి రెండు సన్నని ఉక్కుతీగలు కుర్రవాడి చేతిలోని పిడివరకు. రెక్కలోపల త్రాసుకాడ వంటి చిన్న మీట ఉంటుంది. పిడిని పైకి వంచితే ఒక తీగ బిగిసి ఆ మీట తిరుగుతుంది, తోకపలక లేస్తుంది, విమానం ముక్కెత్తుతుంది. కిందికి వంచితే దిగుతుంది. అంతే. మిగిలినదంతా గుండ్రంగా తిరగడం. విమానం చుట్టూ తిరుగుతూంటే కుర్రవాడు మధ్యలో బొంగరమైపోతాడు.

ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినవాడు అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరపు జిమ్ వాకర్. కాలం 1940 ప్రాంతం. చూడటానికి తేలికే. కాని కొత్తవాడు మొదటి పది క్షణాలలోనే విమానాన్ని నేలకు కొడతాడు. మణికట్టు తొందరపడుతుంది, కొంచెం ఎత్తబోయి ఎక్కువ ఎత్తి, సర్దబోయి ఎక్కువ దించుతాడు. అందుకే శిక్షకుడు "మణికట్టు బిగబట్టు, చెయ్యి భుజందగ్గర కదలాలె" అని అరుస్తూనే ఉన్నాడు. రెండో ప్రమాదం తీగ వదులు కావడం. విమానం నడినెత్తికి వచ్చినప్పుడు లాగుడు తగ్గుతుంది. వెంటనే రెండడుగులు వెనక్కి వేసి తీగను బిగించకపోతే పగ్గం తెగినట్టే. వేగపు పోటీలలో ఈ నమూనాలు గంటకు 300 కిలోమీటర్ల దాకా పోతాయి. అప్పుడు చేతిని మైదానం నడుమ పాతిన కంబపు పంగలో ఆనించుకొని తిరుగుతారు, లేకపోతే ఆ లాగుడుకు మనిషి నిలవలేడు.

ఇక రేడియో. నికోలా టెస్లా 1898లో న్యూయార్కులో తీగలేకుండా ఒక చిన్న పడవను నడిపి చూపాడు. దారం తెగింది, స్వేచ్ఛ వచ్చింది. దానితోపాటు వేలికి అందే వార్త పోయింది. రేడియో విమానం నడిపేవాడికి కన్నొక్కటే దిక్కు. ఆ కన్ను కూడా మోసం చేస్తుంది: విమానం మన నుండి దూరంగా పోయేటప్పుడు దాని కుడి మన కుడే, మనవైపు వచ్చేటప్పుడు దాని కుడి మన ఎడమ. ఎన్ని నమూనాలు ఈ తారుమారులో నేలపాలయ్యాయో! మా మనుమడి కళ్ళగంతల రహస్యం ఇక్కడే ఉన్నది. డ్రోను ముక్కున ఉన్న కెమెరా చూసినది గంతలలోకి వస్తుంది. కుడి ఎప్పుడూ కుడే. "నేను ఆడున్న" అనడంలో అతిశయోక్తి లేదు.

నాలుగు పంకాల యంత్రం కొత్తదనుకొనేవారికి ఒక మాట. 1907లోనే ఫ్రాన్సులో బ్రెగే సోదరులు, రిషే కలిసి అటువంటిది కట్టి మనిషిని నేలనుండి లేపారు. అయితే అది ఒరిగిపోకుండా నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకొని నిలబడవలసి వచ్చింది! 1924లో ఏత్యేన్ ఎమిషాన్ మరొక బహుపంకాల యంత్రంతో ఒక కిలోమీటరు చుట్టు పూర్తిచేశాడు. ఆ తరువాత ఆ ఊహ దాదాపు అటకెక్కింది. నాలుగు పంకాల వేగాన్ని క్షణక్షణమూ వేర్వేరుగా సర్దడం మనిషి చేతికి అసాధ్యం. ఆ నలుగురు మనుషుల పని ఇప్పుడు గోరంత సిలికాను బిళ్ళ చేస్తున్నది. అందులోని గైరో యంత్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో సెకనుకు వేలసార్లు కొలిచి మోటార్లకు ఆజ్ఞలిస్తుంది.

అలా అయితే మనిషి నేర్చుకొనేది ఏముంది? ఇదే ప్రశ్న మనుమణ్ణి అడిగాను. మానుకోట వైపు మిరపచేలలో మందు కొట్టే డ్రోనును చూశాను; మీట వదిలితే అది గాలిలో బుద్ధిగా నిలబడుతుంది. ఉపగ్రహాలు దాని చోటును చెబుతాయి, గైరో దానిని సమంగా నిలుపుతుంది. పందెపు డ్రోనులో మాత్రం ఈ సాయాన్ని కావాలని తీసివేస్తారు. మీటను ముందుకు తోస్తే యంత్రం వంగుతుంది. వదిలితే వంగినది వంగినట్టే ఉంటుంది. తిరిగి నిలబెట్టాలంటే ఎదురు తోయాలి. వంగిన కొద్దీ పైకి లేపే బలం తగ్గుతుంది గనుక ఎడమ బొటనవేలు ఆ లోటును అప్పటికప్పుడు పూడ్చాలి. సమంగా ఉండాలన్న నియమం లేదు గనుకనే అది పల్టీ కొట్టగలదు, మలుపులో ఒక పక్కకు పూర్తిగా ఒరిగిపోగలదు.

వేగం సంగతి లెక్కగా చెబుతాను. గంటకు 108 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్లు. కన్ను చూసి వేలు కదలడానికి పావు సెకను పడుతుందనుకుంటే, ఆలోపు డ్రోను ఏడున్నర మీటర్లు పోతుంది. అంటే నా తరగతి గది పొడవంత దూరం గుడ్డిగా పోతుందన్నమాట. కనుక దగ్గరున్న దానిని చూసి నడపడం కుదరదు. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వారు పందెగాళ్ళ కనుచూపును కొలిచి 2021లో వెల్లడించిన పరిశోధనలో, వారి దృష్టి ద్వారానికి ఒకటిన్నర సెకను ముందే, సుమారు 16 మీటర్ల దూరంనుండే దానిమీద నిలుస్తున్నదని తేలింది. చూపు మళ్ళిన 220 మిల్లీసెకన్లకు యంత్రం అటు మళ్ళుతుంది. ఇది చదివినప్పుడు నాకు తరగతి గది గుర్తొచ్చింది. పద్యం సాఫీగా చదివే పిల్లవాడి నోరు ఒక గణం మీద ఉంటే కన్ను అప్పటికే యతిస్థానం దాటి ఉంటుంది. తడబడేవాడి కన్ను నోటితోనే నడుస్తుంది.

పందేల చరిత్ర చిన్నదే. 2014లో ఫ్రాన్సులోని ఆర్గొనే కుర్రవాళ్ళు అడవిచెట్ల మధ్య డ్రోనులు పరుగెత్తించిన దృశ్యం లోకమంతా చూసింది. 2015 జులైలో అమెరికాలోని శాక్రమెంటోలో జాతీయ పోటీ. 2016 మార్చిలో దుబాయిలో జరిగిన పోటీలో పదిహేనేళ్ళ ల్యూక్ బానిస్టర్ జట్టుకు రెండున్నర లక్షల డాలర్ల బహుమతి. 2018 నవంబరులో చైనాలోని షెంజెన్‌లో అంతర్జాతీయ వైమానిక సమాఖ్య వారి ప్రపంచ పోటీలో నెగ్గినవాడూ పదిహేనేళ్ళవాడే, ఆస్ట్రేలియా పిల్లవాడు రూడీ బ్రౌనింగ్.

ఆపైన కథ మలుపు తిరిగింది. జ్యూరిక్ వారి స్విఫ్ట్ అనే యంత్రబుద్ధి ముగ్గురు మేటి పందెగాళ్ళతో 25 పోటీలలో తలపడి 15 నెగ్గిందని 2023లో నేచర్ పత్రిక ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో అబూదాబీలో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయపు డ్రోను మానవ విజేతలను ఓడించింది. నన్నయ భాగంలోని నలోపాఖ్యానంలో బాహుకుడు రథం తోలుతుంటే ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపోతుంది. ఆపమనేలోగా అది యోజనం వెనుకబడిపోయింది. ఆ దారిలోనే ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టి, బాహుకుడి అశ్వహృదయానికి బదులు తన అక్షహృదయాన్ని ఇస్తాడు. చేతివిద్యకూ లెక్కకూ జరిగిన ఆ మారకం ఇప్పుడు ఎవరి లాభానికో నేను చెప్పలేను. లెక్కవాడు చేతివాడి విద్యనూ నేర్చేశాడు మరి.

మొదట నేను వాడిని వెక్కిరించాను, ఒప్పుకుంటాను. "దీనితోని ఏం లాభంరా?" అన్నాను. వాడు కోపగించుకోలేదు. "ఛందస్సుతోని ఏం లాభం తాతా?" అన్నాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచి ఊరుకున్నాను.

లాభం మాట వచ్చింది గనుక మరొకటి. 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. ఆ ముందు ఇరవైనాలుగు గంటలలో పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. నేనెరిగిన ఊరు. మిద్దెలమీద జనం, ఆపైన సైన్యపు హెలికాప్టర్లు. టీవీ ముందు కూర్చొని రోజంతా కదలలేదు. మొన్న ఆ సంగతి ఎత్తి, నీ యంత్రం అప్పుడేమైనా పనికొచ్చేదా అని అడిగాను. వాడు బడాయి పోలేదు. బ్యాటరీ నాలుగైదు నిమిషాలకు మించి నిలవదట, ఆ వానలో మోటార్లు సరే, కెమెరాకు ఏమీ కనబడదట. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలలో అన్నం పొట్లాలు మోసినవి వేరే జాతి, బరువు మోసే నిదానపు డ్రోనులు. "గవి నడుపుడు అల్క తాతా. గాలి కొట్టి సిస్టం ఫెయిలైతె మాత్రం మా లెక్క నేర్చినోడు గావాలె" అన్నాడు.

ఇంట్లోని కంప్యూటరులో అభ్యాసానికి ఒక ఆట ఎక్కించి రిమోటు నాకిచ్చాడు. యంత్రమే సమంగా నిలబడే పద్ధతిలో పది రోజులు నడిపి, నేర్చానని సంబరపడ్డాను. ఒకనాడు చెప్పకుండా ఆ సాయం తీసేశాడు. మొదటి మలుపులోనే నేలను కొట్టాను. ఆ పూట ఇరవైసార్లు. వేలికి ఏ లాగుడూ లేదు, ఏ వార్తా లేదు. నేను చూస్తున్నది ఎదుటి కర్రను.

"కర్రను జూడకు తాతా, దాని ఎనుక దాన్ని జూడు" అన్నాడు.

సెలవులయ్యాక వాడు హనుమకొండ వెళ్ళిపోయాడు. రిమోటు నా దగ్గరే ఉన్నది. నిన్న రాత్రి మూడు ద్వారాలు దాటాను. నాలుగోది మలుపు వెనుక ఉన్నది.