గొలుసు పడ్డ చేలు

మహానంది కోనేట్లో కాళ్లు కడుక్కుని నడవండి. ఏడాది 1804. వెనక నల్లమల, పక్కన కోనేటి నీళ్లు పారే వరిమళ్లు. ఇదంతా కర్నూలు నవాబు సీమ. నంద్యాల దాటి కుందూ వెంట దక్షిణానికి పోతే కోయిలకుంట్ల వస్తుంది. అక్కడ ఏలిక వేరు. 1800లో నిజాం ఆ సీమను కంపెనీకి దత్తం చేశాడు. ఇప్పుడు దాని పెద్ద కలెక్టరు థామస్ మన్రో.

నల్లరేగడి చేలో జనం గుమిగూడారు. మీరూ వాళ్ల మధ్యకు చేరండి. గుమాస్తా కేకేయగానే 33 అడుగుల గొలుసు నేలమీద బిగిసింది. నాలుగు పక్కలా ఒక్కో గొలుసు పొడవున్న చదరాలు నలభై కలిస్తే ఎకరం. ఇన్నాళ్లూ రెడ్డి నోట, కరణం కవిలెలో ఉన్న చేను ఈ పూట కచేరీ లెక్కకు ఎక్కుతోంది. మెట్ట, మాగాణి, తోట అని ఇంకొకరొచ్చి తరం కట్టాక శిస్తు తేలుతుంది.

ఒక ముసలాయన కరణం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వాన పడకుంటే ఈ శిస్తు ఎట్ల కట్టేది సామీ?"

"ఏటా శిస్తు తేల్చే జమాబందిలో దొరతో చెప్పుకో పెద్దాయనా. గొలుసుకు వాన సంగతేం తెలుస్తాది?"

ముసలాయన గట్టు వైపు చూస్తూ ఊరుకున్నాడు. నిన్నటిదాకా ఆయన పాలెగాడికి మొక్కుకునేవాడు. మన్రో రాగానే సుమారు 80 మంది పాలెగాళ్లను అణిచాడు. దోచేవాడు పోయాడు, అడ్డం నిలిచేవాడూ పోయాడు. ఇక రైతుకు ఎదురుగా సర్కారే ఉంది.

పండినదాంట్లో 45 శాతం దాకా శిస్తు. అది మోయలేని బరువని కట్టినవాడికే తెలుసు. 1807లో సీమ వదిలేముందు, పాతిక శాతం తగ్గించమని మన్రోయే రాశాడు. రెవెన్యూ బోర్డు వినలేదు, 1808 నుంచి ఊళ్లను గుత్తకిచ్చింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాకే, సర్కారు నేరుగా రైతుతోనే శిస్తు తేల్చుకునే ఈ రైత్వారీ పద్ధతి ఇక్కడ నిలదొక్కుకుంది.

పాలెగాళ్ల వంశాలకు మిగిలింది పింఛను. నొస్సం పాలెగాళ్ల సంతతివాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల చిల్లర వచ్చేది. 1846 జూలైలో ఆయన తిరగబడి, ఇదే కోయిలకుంట్లలో ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఉరితీశారు. తాతల నాడు కోటల్లో ఉన్న పెత్తనం ఇప్పుడు ఖజానా పెట్టెలో ఉందని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.