అంతరిక్ష లిఫ్టుతో సౌర విద్యుత్తు: సాధ్యాసాధ్యాలు

అంతరిక్ష సౌర విద్యుత్తు అంటే భూమి చుట్టూ తిరిగే కక్ష్యలో సోలార్ ప్యానెళ్లు పరిచి, అక్కడ పుట్టిన కరెంటును మైక్రోవేవ్ తరంగాలుగా మార్చి నేలకు దింపే పద్ధతి. అంతరిక్ష లిఫ్టు అంటే భూమధ్యరేఖ దగ్గర, సముద్రంలో తేలే వేదికకు ఒక కొస కట్టి, 35,786 కిలోమీటర్ల ఎత్తునున్న భూస్థిర కక్ష్యను కూడా దాటిపోయేంత పొడవున బిగించిన తాడు. ఆ తాడును పట్టుకుని పాకే బండ్లు సరుకును పైకి చేరుస్తాయి. ఈ రెండు ఆలోచనలూ వేర్వేరు చోట్ల పుట్టాయి. వేల టన్నుల సామగ్రిని పైకి ఎక్కించే ఖర్చే మొదటిదానికి పెద్ద అడ్డంకి. ఆ అడ్డంకిని రెండోది తొలగిస్తుందన్న ఆశే వాటిని ఒకచోటికి చేర్చింది.

పుట్టుక

రష్యా శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1895లో, ఐఫిల్ టవర్ స్ఫూర్తితో, ఆకాశాన్నంటే గోపురాన్ని ఊహించాడు. కింది నుంచి కట్టుకుంటూ పోతే ఏ కట్టడమైనా తన బరువుకు తానే కూలుతుంది. లెనిన్‌గ్రాడ్ ఇంజినీరు యూరీ ఆర్ట్సుతనోవ్ 1960లో ఈ ఊహను తలకిందులు చేశాడు: భూస్థిర కక్ష్య నుంచి తాడును కిందికి వదలాలి, తూకం తప్పకుండా అంతే బిగువుతో పైవైపూ సాగదీయాలి. అమెరికా ఇంజినీరు జెరోమ్ పియర్సన్ 1975లో దీన్నే స్వతంత్రంగా లెక్కగట్టాడు. శ్రీలంకలో స్థిరపడిన ఆర్థర్ సి. క్లార్క్ 1979లో రాసిన 'ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్' నవల ఈ ఊహను సామాన్య పాఠకుల దాకా తెచ్చింది.

సౌర ఉపగ్రహం ఆలోచనను పీటర్ గ్లేసర్ 1968లో ప్రకటించి, 1973లో పేటెంట్ పొందాడు. అదే ఏడాది చమురు సంక్షోభం రావడంతో అమెరికా ప్రభుత్వం చెవి ఒగ్గింది. 1970ల చివర నాసా, అమెరికా ఇంధన శాఖ కలిసి ఒక్కొక్కటి 5 గిగావాట్లు ఇచ్చే ఉపగ్రహాల నమూనాను సిద్ధం చేశాయి. ఒక్కో ఉపగ్రహం బరువు పదుల వేల టన్నుల్లో తేలింది.

అంత ఎత్తుకు ఎందుకు?

వాతావరణం పైన చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్ల ఎండ పడుతుంది. భూస్థిర కక్ష్యలో మబ్బు లేదు, వాన లేదు, రాత్రి కూడా దాదాపు లేదు. విషువత్తుల చుట్టూ కొన్ని వారాలు మాత్రం రోజుకు గరిష్ఠంగా 72 నిమిషాల సేపు ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్తుంది. సాయంత్రం ఇళ్లలో లైట్లు వెలిగే వేళకు నేలమీది ప్యానెళ్లు పడుకుంటాయి, పైనున్నవి పనిచేస్తూనే ఉంటాయి. ఈ పథకం అసలు విలువ ఇదే.

ఆ కరెంటును కిందికి పంపే దూరమే ఉపగ్రహం పరిమాణాన్ని శాసిస్తుంది. 2.45 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి అది చెదరకుండా రావాలంటే పైన కిలోమీటరు వెడల్పు యాంటెన్నా, కింద పది కిలోమీటర్ల వెడల్పున రెక్టెన్నా అనే గ్రాహక క్షేత్రం ఉండాలి. కరెంటు తక్కువ చాలన్నా ఈ కొలతలు తగ్గవు. అందుకే చిన్న ఉపగ్రహంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుందామంటే కుదరదు. నాసా నమూనాలో పుంజం నడిమధ్య తీవ్రత చదరపు మీటరుకు 230 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది నాలుగో వంతు కూడా కాదు కాబట్టి, దీన్ని మరణకిరణంగా ఊహించుకుని భయపడనక్కర్లేదు.

తాడు ఎలాగూ ఉంది కదా, దాని వెంటే తీగ లాగి కరెంటు దించకూడదా అని చాలామంది అడుగుతారు. చదరపు సెంటీమీటరు మందమున్న రాగి తీగను 36,000 కిలోమీటర్లు లాగితే దాని బరువే 32,000 టన్నులు, నిరోధం 6,000 ఓమ్‌లు. అందులో 500 ఆంపియర్లు పారించినా 150 కోట్ల వాట్లు తీగను వేడెక్కించడానికే పోతాయి. తన బరువును తాను మోయలేక ఆ తీగ అంతకు ముందే తెగిపోతుంది. లిఫ్టు సరుకు ఎక్కించడానికే తప్ప కరెంటు దించడానికి పనికిరాదు.

సరుకు లెక్క

కిలో బరువును తాడు మీద భూస్థిర కక్ష్యకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా పదమూడున్నర యూనిట్ల కరెంటు సరిపోతుంది. బండికి చేరేలోగా పది వంతుల్లో తొమ్మిది వంతులు వృథా అయినా కిలోకు 135 యూనిట్లే. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ బరువు 640 టన్నులైతే, భూస్థిర బదిలీ కక్ష్యకు అది చేర్చేది నాలుగు టన్నులు. నేటి నమూనాల్లో బాగా తేలికైన 2,000 టన్నుల, 2 గిగావాట్ల ఉపగ్రహానికి ఆ లెక్కన 500 ప్రయోగాలు కావాలి. లిఫ్టు కోసం ఇంతమంది ఎందుకు పట్టుబడుతున్నారో ఈ అంకెలే చెబుతాయి.

అయితే చౌక వేరు, వేగం వేరు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త బ్రాడ్లీ ఎడ్వర్డ్స్ 2000 తర్వాత నాసా నిధులతో గీసిన పథకంలో బండి బరువు 20 టన్నులు, అందులో సరుకు 13 టన్నులు. బండి తాడును ఎక్కువగా లాగేది నేలకు దగ్గరగా ఉన్నప్పుడే. 2,600 కిలోమీటర్లు ఎక్కాక దాని బరువు సగానికి పడిపోతుంది, అప్పుడు గాని వెనకాల మరో బండిని వదలలేం. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో గమ్యం చేరడానికి వారం దాటుతుంది. మూడున్నర రోజులకో బండి బయల్దేరితే ఏడాదికి 1,300 టన్నుల పైచిలుకు. తేలికైన ఉపగ్రహానికి ఏడాదిన్నర పడుతుంది. 1970ల నాటి నమూనాకైతే రెండు దశాబ్దాలు దాటుతుంది. ఒక దేశపు విద్యుత్ అవసరాన్ని తాకాలంటే ఒక తాడు చాలదు. ఎన్నో తాళ్లు, లేదా ఇంకా దళసరి తాడు కావాలి. లిఫ్టు వస్తే ఇంధన సమస్య ఒక్క దెబ్బకు తీరుతుందనే ప్రచారంలో ఈ లెక్క కనబడదు.

తాడు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తాడు మీద పడే భారం నేల దగ్గర తక్కువ, భూస్థిర కక్ష్య దగ్గర అత్యధికం. అందువల్ల పైకి పోయేకొద్దీ తాడు మందం పెరగాలి. కెవ్లార్‌తో చేస్తే పైన మందం కిందికంటే దాదాపు 25 కోట్ల రెట్లు ఉండాలి. అంటే నేల దగ్గర చదరపు మిల్లీమీటరున్న పోగు అక్కడ 250 చదరపు మీటర్లవుతుంది. ఉక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు.

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోట్యూబులను వెలుగులోకి తెచ్చాక పాత కాగితాలకు ప్రాణం వచ్చింది. చైనాలోని త్సింగ్హువా విశ్వవిద్యాలయ బృందం 2018లో 80 గిగాపాస్కల్‌కు మించిన బలమున్న నానోట్యూబు కట్టలను చూపింది. భద్రత కోసం అందులో సగం బలాన్నే లెక్కలోకి తీసుకున్నా, తాడు మందం ఏడెనిమిది రెట్లు పెరిగితే చాలు. కానీ ఆ కట్టల పొడవు సెంటీమీటర్లలోనే ఉంది. పొడవు పెంచేకొద్దీ అణువుల అమరికలో ఎక్కడో ఒకచోట లోపం దొర్లుతుంది, అక్కడే తెగుతుంది. లోపం లేని గ్రాఫీన్ పొరను పట్టీగా సాగదీయాలన్న ప్రయత్నం మీద ఇప్పుడు కొందరి ఆశ.

బలం కుదిరినా గండాలు తప్పవు. భూస్థిర కక్ష్యకు దిగువన తిరిగే ప్రతి ఉపగ్రహం, ప్రతి శకలం భూమధ్యరేఖా తలాన్ని పదేపదే దాటుతుంది, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు తాడుకు ఎదురుపడుతుంది. అందుకే కింది వేదికను కదిలే విధంగా సముద్రంలో పెట్టి తాడును పక్కకు తప్పించాలంటారు. పిడుగులు, పై వాతావరణంలో కార్బన్‌ను తినేసే పరమాణు ఆక్సిజన్ వీటికి అదనం.

నేటి స్థితి

రెండింటిలో ముందడుగు వేసింది సౌర విద్యుత్తే. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో విలియం బ్రౌన్ బృందం మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా మైక్రోవేవ్ ద్వారా పంపింది. కాల్‌టెక్ 2023లో కక్ష్య నుంచి పంపిన అతి స్వల్ప శక్తిని పాసడీనాలోని తన ప్రాంగణంలో గుర్తించగలిగింది. మన దేశంలో అబ్దుల్ కలాం ఈ ఆలోచనను గట్టిగా సమర్థించి, 2010లో అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో కలిసి ఒక కార్యక్రమం ప్రకటించారు. అయినా 2024 జనవరిలో నాసా విడుదల చేసిన నివేదిక, ఈ కరెంటు నేలమీది ప్రత్యామ్నాయాల కంటే 12 నుంచి 80 రెట్లు ఖరీదవుతుందని తేల్చింది. ఆ ఖర్చులో సింహభాగం రాకెట్ ప్రయోగాలదే.

లిఫ్టు విషయంలో జపాన్ నిర్మాణ సంస్థ ఒబయాషి 2012లో 96,000 కిలోమీటర్ల తాడుతో 2050 నాటికి పూర్తిచేసే ప్రణాళిక ప్రకటించింది. చేతిలో తాడు లేని ప్రణాళిక అది. పాకే బండి మీద మాత్రం ప్రయోగాలు జరిగాయి. 2009లో నాసా పోటీలో లేజర్‌మోటివ్ బృందం తయారుచేసిన చిన్న బండి, కింది నుంచి వేసిన లేజర్ వెలుగుతోనే, హెలికాప్టర్ నుంచి వేలాడదీసిన తొమ్మిది వందల మీటర్ల తీగను ఎక్కి 9 లక్షల డాలర్లు గెలిచింది.

20 టన్నుల బండి నేల దగ్గర గంటకు 200 కిలోమీటర్లతో ఎక్కడానికి కోటి వాట్లకు పైగా కావాలి. మోటారుకు అంత కరెంటు తీగ లేకుండా అందాలి. లేజరైనా మైక్రోవేవ్ అయినా, సౌర ఉపగ్రహానికి కావలసిన విద్య కూడా ఇలాంటిదే. కాబట్టి ముందు లిఫ్టు, తర్వాత ఉపగ్రహాలు అనే వరుస తిరగబడేటట్టుంది. రాకెట్ల ధరలు తగ్గుతున్న ఈ కాలంలో మొదటి సౌర ఉపగ్రహం కట్టేదీ రాకెట్లతోనే అవుతుంది. తాడు ఎప్పుడు సిద్ధమైనా, దాని మీద ఎక్కే తొలి బండ్లకు కరెంటు ఆ ఉపగ్రహం నుంచే అందవచ్చు.